వేట ముగిసిన తరువాత

నాలుగు ఆదివారాలుగా మా ఇంటిల్లిపాదీ భోజనాలు కాగానే టెలివిజను ముందు చేరుతున్నారు. నగేశ్ కుకునూర్ 2025లో తీసిన ‘ది హంట్’ అనే ధారావాహిక చూస్తున్నారు. రాజీవ్ గాంధీ హత్య, హంతకుల కోసం వేట - ఇదీ అందులోని కథ. దర్శకుడు మన హైదరాబాదులో పుట్టినవాడే గదా అని నేనూ కళ్ళజోడు తుడుచుకొని కూర్చున్నాను.

మొన్నటితో వేట ముగిసింది. మా ఆవిడ వంటింట్లోకి లేచింది. పదో తరగతి చదివే మనుమడు మాత్రం కదలలేదు.

“దొరికినోళ్ళని ఏంజేసినారు తాతా? ఉరేసినారా?”

“లేదురా.”

“ఎందుకెయ్యలా?”

ఒక్క మాటలో తేలే జవాబు కాదు. ఎక్కడ మొదలుపెట్టాలో తోచక మా వూరితోనే మొదలుపెట్టాను.

వడమాలపేట మీదుగా పోయే మద్రాసు రోడ్డు పట్టుకొని పుత్తూరు, నగరి, తిరుత్తణి, తిరువళ్ళూరు దాటితే శ్రీపెరుంబుదూరు ఎంతో దూరం కాదు. 1991 మే 21న రాజీవ్ గాంధీ విశాఖపట్నం నుంచి విమానంలో మద్రాసు దిగి, రాత్రి పది దాటాక అక్కడి సభకు చేరాడు. గంధపు దండతో ఎదురువచ్చిన యువతి నడుముకు కట్టుకొన్న బాంబు ఆయననూ, చుట్టూ వున్న పోలీసులనూ, మామూలు జనాన్నీ పొట్టన పెట్టుకొన్నది. మరునాడు మా రోడ్డు మీద ఒక్క బస్సు లేదు. అరుగుల మీద కూర్చున్నవాళ్ళం ఒకరి ముఖం ఒకరం చూసుకొన్నాం. “దొరికినోణ్ణి దొరికినట్టు నడిబజార్లో ఉరెయ్యాల” అన్నాడొకాయన. ఔనౌనన్నారందరూ.

ఈ కథ మీద సినిమాలకు కొదవలేదు. మా నగరి నియోజకవర్గం నుంచి 2014లోనూ 2019లోనూ శాసనసభకు ఎన్నికైన రోజాగారి భర్త సెల్వమణిగారు తమిళంలో ‘కుట్రపత్రికై’ తీశారు. నేరారోపణ పత్రమని ఆ మాటకు అర్థం. 1990ల మొదట్లోనే తీసిన ఆ బొమ్మ 2007లో గాని జనం ముందుకు రాలేదు. కన్నడంలో 2006లో వచ్చిన ‘సైనైడ్’, శివరాసన్ ముఠా బెంగుళూరులో దాక్కొని ప్రాణాలు తీసుకొన్న ఆఖరి రోజుల కథ.

తరువాతి కోర్టు కథ కెమెరాకు లొంగేది కాదు. మన సినిమా కోర్టులో హీరో పరుగెత్తుకొచ్చి “ఆగండి యువరానర్!” అంటే కేసు తేలిపోతుంది. పూనమల్లి ప్రత్యేక న్యాయస్థానంలో టాడా చట్టం కింద తలుపులు మూసి జరిగిన విచారణ యేళ్ళ తరబడి సాగింది. 1998 జనవరి 28న బోనులో వున్న 26 మందికీ ఉరిశిక్ష పడింది. ఆ వార్త విని మా అరుగు మళ్ళీ శభాషన్నది.

1999 మే 11న సుప్రీంకోర్టు వేరే లెక్క చెప్పింది. ఉరిశిక్ష నలుగురికి ఖాయం చేసింది. ముగ్గురికి యావజ్జీవం. తక్కిన 19 మంది మీద హత్యానేరం రుజువు కాలేదన్నది. ఉరిపడ్డ నలుగురిలో నళిని ఒక ఆడకూతురు. ఆమె విషయంలో న్యాయమూర్తులే ఏకాభిప్రాయానికి రాలేదు. చిన్నబిడ్డ తల్లికి యావజ్జీవం చాలునని జస్టిస్ థామస్, ఉరే తగునని తక్కిన ఇద్దరూ. 2000లో ఆమె శిక్ష యావజ్జీవంగా మారింది. చనిపోయిన మనిషి కూతురు ప్రియాంక, 2008లో వేలూరు జైలుకు వెళ్ళి ఆ నళినినే చూసి వచ్చింది. మా వైపు వాళ్ళకు వేలూరంటే ఆస్పత్రి. ఆ యేడు మాత్రం జైలు గుర్తుకొచ్చింది.

ఇక పేరరివాళన్. పట్టుబడేనాటికి 19 యేళ్ళవాడు. రెండు తొమ్మిది వోల్టుల బ్యాటరీలు కొనిచ్చాడన్నది అతని మీది నేరారోపణ. అవి ఎందుకో తనకు తెలియదని అతను చెప్పిన మాట వాంగ్మూలంలో రాయలేదని, దాన్ని నమోదు చేసిన అధికారే పదవి విరమించాక 2013లో బయటపెట్టాడు. 2014 ఫిబ్రవరి 18న సుప్రీంకోర్టు మిగిలిన ముగ్గురి ఉరిని యావజ్జీవంగా మార్చింది. క్షమాభిక్ష అర్జీలు యేళ్ళకు యేళ్ళు తేలకుండా పడివుండడమే అందుకు కారణం. 2022 మే 18న పేరరివాళన్, నవంబరు 11న తక్కిన ఆరుగురూ విడుదలయ్యారు. నిర్దోషులని మాత్రం కోర్టు అనలేదు.

“అయితే వాళ్ళు మంచోళ్ళా తాతా?” అన్నాడు మనుమడు.

“అట్లా ఎవరన్నార్రా? ఆ రాత్రి కొడుకు తిరిగిరాని ఇల్లు ఎన్ని వున్నాయో! ఆ తల్లుల ముందు నిలబడి ఈ తీర్పులు చదవమంటే నాకు నోరు రాదు. ఎవరు ఎంత చేశారో తేల్చడానికే ఇన్నేళ్ళు పట్టింది. అదీ పూర్తిగా తేలిందో లేదో!”

వాడు కాసేపు వేళ్ళు మడిచి లెక్క వేసుకొన్నాడు. “ఆ పొద్దు మీ అరుగు మీద ఆయన చెప్పినట్టు చేసింటే, 19 మంది ఊరికే పోయుందురు గదా?”

“ఔను.”

వంటింట్లోంచి మా ఆవిడ గొంతు వినిపించింది. “అన్నీ చెప్పినారు గాని, ఆ మాటన్న ఆయన పేరు చెప్పరేం?”

వాడు నా ముఖం వంక చూశాడు. నేను కళ్ళజోడు తీసి మళ్ళీ తుడుచుకొన్నాను.