ట్యాబ్‌కి ఆయాసం ఎందుకొస్తుంది?

'కొత్త సాఫ్ట్‌వేర్ సిద్ధంగా ఉంది, ఇప్పుడే వేసుకుంటారా?' అని ట్యాబ్ అడుగుతుంది. కొత్తదంటే మంచిదేగా అని ఎవరైనా 'సరే' నొక్కేస్తారు. కాసేపటికి మళ్లీ వెలిగిన ట్యాబ్ మాత్రం నిన్నటి ట్యాబ్‌లా ఉండదు. అక్షరం కొడితే అది తెర మీదికి రావడానికి రెండు క్షణాలు. ఫొటోలు తెరిస్తే తెల్లటి తెర. వీడియో కాల్‌లో మాట ఒకచోట, బొమ్మ ఇంకోచోట. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయిందని ఇంటిల్లిపాదీ తలపట్టుకుంటారు.

'పాతబడింది, పారేసి కొత్తది కొనండి' అనే సలహాకి కొదవుండదు. కానీ ఆ ట్యాబ్ మీదే పిల్లాడి పాఠాలుంటాయి, బామ్మగారు అమెరికాలోని మనవరాలిని చూసుకునేదీ అందులోనే. కొత్తది కొనాలంటే వేలల్లో ఖర్చు. కాబట్టి పారేసే ముందు దానికేమైందో తెలుసుకోవడం మంచిది. చాలా సందర్భాల్లో వైద్యం ఇంట్లోనే ఉంది.

నెక్సస్ 7 నేర్పిన పాఠం

ఈ జబ్బుకి బాగా పేరుపడిన ఉదాహరణ గూగుల్ నెక్సస్ 7. అసుస్ సంస్థ తయారుచేసిన ఈ ఏడంగుళాల ట్యాబ్ 2012లో ఆండ్రాయిడ్ 4.1తో వచ్చింది. ర్యామ్ 1 జీబీ. అమెరికాలో ధర 199 డాలర్లు కావడంతో ఆరోజుల్లో విరగబడి కొన్నారు. 2014 నవంబరులో దానికి ఆండ్రాయిడ్ 5.0 లాలీపాప్ అప్‌డేట్ వచ్చింది. దాంతో చాలామంది ట్యాబ్‌లు నత్తనడక పట్టాయి.

కారణాల్లో ఒకటి, లాలీపాప్ యాప్‌లను నడిపే పద్ధతే మార్చేసింది. అంతకుముందు యాప్‌ని నడిపేటప్పుడు అప్పటికప్పుడు యంత్రభాషలోకి మార్చుకునేది. లాలీపాప్ ఆ పనిని యాప్ వేసుకునేటప్పుడే ముందుగా చేసి దాచిపెట్టుకుంటుంది. వేగం కోసమే ఈ ఏర్పాటు. కానీ దాచుకోవడానికి ఎక్కువ చోటు కావాలి. 8 జీబీ, 16 జీబీ మాత్రమే ఉన్న ట్యాబ్‌లో ఆ చోటెక్కడిది?

రెండో కారణం నిల్వచేసే చిప్పులోనే ఉంది. పెళ్లిలో పంక్తి భోజనాలు గుర్తుచేసుకోండి. మొదటి బంతి లేచాక విస్తళ్లు తీస్తేనే రెండో బంతి కూర్చుంటుంది. ఫ్లాష్ మెమొరీ కూడా అంతే. ఒకసారి రాసినచోట తిరిగి రాయాలంటే ముందు దాన్ని చెరపాలి. మీరు ఫొటో తీసేసినంత మాత్రాన ఆ సంగతి చిప్పుకి తెలియదు. 'ఈ విస్తళ్లు ఇక ఎత్తేయొచ్చు' అని ఎవరో ఒకరు చెప్పాలి. ఆ కబురునే ట్రిమ్ అంటారు. ఆండ్రాయిడ్‌కి ఈ సదుపాయం 2013లో వచ్చిన 4.3తో అందింది. ట్యాబ్ ఛార్జింగ్‌లో ఉండి, ఎవరూ ముట్టుకోకుండా ఉన్న వేళ అది ఈ పని చేసుకుంటుంది. నిల్వ పూర్తిగా నిండిపోతే ట్రిమ్ కూడా చేసేదేమీ లేదు. విస్తరి వేయడానికే చోటుండదు.

ఐప్యాడ్‌లదీ ఇలాంటి కథే. 2011లో వచ్చిన ఐప్యాడ్ 2లో ర్యామ్ కేవలం 512 ఎంబీ. దానికి 2015లో ఐఓఎస్ 9 దాకా ఐదు పెద్ద అప్‌డేట్లు అందాయి. ర్యామ్ వంటగట్టు లాంటిది, నిల్వ అటక లాంటిది. గట్టు చిన్నదైతే ఒక గిన్నె పెట్టాలంటే ఇంకోటి అటకెక్కించాలి. కొత్త సాఫ్ట్‌వేర్లు వెనక మసకలు, జారుడు బొమ్మలు, వెలుగునీడలు తెస్తాయి. పాత ట్యాబ్‌కి అవి మింగ మెతుకు లేదు మీసాలకు సంపెంగ నూనె అన్నట్టే.

కావాలనే నెమ్మది చేస్తారా?

ఈ అనుమానం చాలామందికుంది. ఫోన్ల విషయంలో అది కోర్టుల దాకా వెళ్లింది. బ్యాటరీ నీరసించిన కొన్ని పాత ఐఫోన్ల వేగాన్ని సాఫ్ట్‌వేర్‌తో తగ్గిస్తున్నట్టు ఆపిల్ 2017 డిసెంబరులో ఒప్పుకుంది. ఫోన్ హఠాత్తుగా ఆగిపోకుండా ఉండటానికే అలా చేశామంది. ఇటలీ పోటీ నియంత్రణ సంస్థ 2018 అక్టోబరులో ఆపిల్‌కి కోటి యూరోలు, శాంసంగ్‌కి 50 లక్షల యూరోలు జరిమానా వేసింది. అప్‌డేట్లు వేసుకోమని కోరుతూ, వాటివల్ల పాత ఫోన్లు కుంటుపడతాయన్న సంగతి వాడకందార్లకి సరిగ్గా చెప్పలేదన్నది అభియోగం. 2020లో ఫ్రాన్స్ కూడా ఆపిల్‌కి రెండున్నర కోట్ల యూరోల జరిమానా వేసింది.

అయితే బ్యాటరీ కోసం వేగం తగ్గించే ఆ ఏర్పాటు ఐఫోన్లకే పరిమితమని, ఐప్యాడ్‌లలో లేదని ఆపిల్ చెప్పింది. ప్రతి అప్‌డేటూ కీడే చేస్తుందనీ కాదు. 2018లో వచ్చిన ఐఓఎస్ 12ని పాత పరికరాలు చురుగ్గా పనిచేసేలా తీర్చిదిద్దారు. 2013 నాటి ఐప్యాడ్ ఎయిర్‌కీ అది అందింది. కాబట్టి అప్‌డేట్ అనగానే భయపడనక్కర్లేదు. ముఖ్యంగా దొంగలకి దారిచ్చే కంతలు పూడ్చే భద్రత అప్‌డేట్లని వదులుకోకూడదు.

ముందుగా చేయాల్సినవి

ఒకరోజు ఆగండి. అప్‌డేట్ పూర్తయిందని తెర చెప్పినా లోపల పని సాగుతూనే ఉంటుంది. ఫొటోలను మళ్లీ వరసపెట్టుకోవడం, యాప్‌లను కొత్త పద్ధతికి సర్దుకోవడం లాంటివన్నీ వెనకాల జరుగుతాయి. ఒకట్రెండు రాత్రులు ఛార్జింగ్ పెట్టి, వైఫై ఆన్‌లో ఉంచి వదిలేయండి. పొద్దున్నే ఒకసారి ఆపి తిరిగి వేయండి. కొన్ని ట్యాబ్‌లు ఇంతమాత్రానికే కోలుకుంటాయి.

చోటు చూడండి. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్‌లో స్టోరేజ్, ఐప్యాడ్‌లో జనరల్ కింద ఐప్యాడ్ స్టోరేజ్ తెరిస్తే ఏది ఎంత మింగిందో కనిపిస్తుంది. వాట్సప్‌లో వచ్చిపడే శుభోదయం బొమ్మలు, పెళ్లి వీడియోలే సాధారణంగా పెద్ద దోషులు. కావాల్సినవి కంప్యూటర్‌లోకో పెన్‌డ్రైవ్‌లోకో ఎక్కించి, ట్యాబ్‌లోంచి తీసేయండి. ఐదో వంతు ఖాళీ ఉంచుకోవడం మంచి అలవాటు.

వాడని యాప్‌లు తీసేయండి. తెరవకపోయినా వెనక నుంచి పనిచేసేవి ఉంటాయి. వార్తలకీ రైలు టికెట్లకీ వేరే యాప్ లేకుండా బ్రౌజర్‌లోనే పని జరిగిపోతుంది. ఐప్యాడ్‌లో బ్యాక్‌గ్రౌండ్ యాప్ రిఫ్రెష్‌ని ఆపేస్తే మరికాస్త ఊపిరాడుతుంది.

సోకులు తగ్గించండి. ఐప్యాడ్‌లో యాక్సెసిబిలిటీ కింద ఉండే రెడ్యూస్ మోషన్‌ని ఆన్ చేయండి. ఆండ్రాయిడ్‌లో ట్యాబ్ వివరాలుండే చోట బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు తడితే డెవలపర్ ఆప్షన్స్ తెరుచుకుంటాయి. అక్కడ యానిమేషన్ స్కేల్ పేరుతో ఉన్న మూడింటినీ సగానికి తగ్గించినా, పూర్తిగా ఆపినా చేతికి తేడా తెలుస్తుంది. ఆ పుటలో మిగతావి ముట్టుకోకపోవడమే క్షేమం.

ఇక్కడ జాగ్రత్త

పాత ఆండ్రాయిడ్ ట్యాబ్‌లలో రికవరీ అనే తెర ఒకటుంటుంది. పవర్, వాల్యూమ్ మీటలు కలిపి నొక్కితే వస్తుంది. మోడల్‌ని బట్టి ఏ మీటలన్నది మారుతుంది. అందులో 'వైప్ క్యాష్ పార్టిషన్' ఎంచుకుంటే పాత సాఫ్ట్‌వేర్ మిగిల్చిన తాత్కాలిక చెత్త పోతుంది, మీ ఫొటోలకేమీ కాదు. కానీ దాని పక్కనే 'వైప్ డేటా, ఫ్యాక్టరీ రీసెట్' ఉంటుంది. ఒక్క గీత పైకో కిందికో జరిగితే ఏళ్ల తరబడి దాచుకున్న ఫొటోలన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. రెండుసార్లు చదివాకే నొక్కండి.

పై చిట్కాలేవీ ఫలించకపోతే చివరి మందు ఫ్యాక్టరీ రీసెట్. అంటే ట్యాబ్‌ని కొన్ననాటి ఖాళీ స్థితికి తేవడం. దానికి ముందు రెండు పనులు తప్పనిసరి. ఒకటి, ఫొటోలు, ఫోన్ నంబర్లు, వాట్సప్ కబుర్లు వేరేచోట భద్రపరచాలి. భద్రపరిచినవి నిజంగా తెరుచుకుంటున్నాయో లేదో ఇంకో పరికరంలో చూసుకోవాలి. రెండు, ట్యాబ్‌లో ఉన్న గూగుల్ లేదా ఆపిల్ ఖాతా పాస్‌వర్డ్ గుర్తుండాలి. 2013లో ఐప్యాడ్‌లకీ, 2015లో ఆండ్రాయిడ్ 5.1కీ దొంగతనాల నివారణ తాళాలు వచ్చాయి. తుడిచిన తర్వాత పాత ఖాతా పాస్‌వర్డ్ అడుగుతాయి. ఎప్పుడో పెద్దబ్బాయి తెరిచిపెట్టి, ఎవరికీ గుర్తులేని ఖాతా అయితే ట్యాబ్ పలకలా మిగిలిపోతుంది. ముందు పాస్‌వర్డ్ మార్చుకుని, కాగితం మీద రాసుకుని, అప్పుడు రీసెట్‌కి దిగాలి.

పాత సాఫ్ట్‌వేర్‌కి తిరిగి పోలేమా? ఐప్యాడ్‌లో దాదాపు కుదరదు. కొత్త రూపం వచ్చిన కొన్నాళ్లకి పాతదాన్ని వేసుకోవడానికి ఆపిల్ అనుమతి ఆపేస్తుంది. నెక్సస్ 7 వాళ్లలో కొందరు గూగుల్ ఇచ్చిన ఫైళ్లతో ఆండ్రాయిడ్ 4.4కి తిరిగి వెళ్లి హాయిగా వాడుకున్నారు. ఇప్పుడది లాభసాటి కాదు. 4.4కి ప్లే సేవల అప్‌డేట్లని గూగుల్ 2023లో ఆపేసింది. 2025 జనవరి నుంచి వాట్సప్ కూడా దాని మీద పనిచేయడం మానేసింది. వేగం ఉన్నా పనికొచ్చే యాప్ లేకపోతే ఏం లాభం?

ఎప్పుడు చాలించాలి?

ట్యాబ్ వీపు ఉబ్బినా, తెర అంచు లేచినా అది సాఫ్ట్‌వేర్ సమస్య కాదు, బ్యాటరీ ఉబ్బుతోందని అర్థం. వెంటనే ఛార్జింగ్ ఆపి మెకానిక్‌కి చూపించాలి. నొక్కి సరిచేయబోతే నిప్పంటుకునే ప్రమాదముంది. భద్రత అప్‌డేట్లు ఆగిపోయిన ట్యాబ్‌లో బ్యాంకు లావాదేవీలు పెట్టుకోకూడదు. ఓటీపీ వచ్చే సిమ్ అందులో ఉంటే తీసేయడం మంచిది.

అంతమాత్రాన అది చెత్తబుట్ట పాలు కానక్కర్లేదు. దాచిన పాటలు వినడానికి, పుస్తకాలు చదువుకోవడానికి, హాల్లో కుటుంబ ఫొటోలు ఒకదాని తర్వాత ఒకటి చూపడానికి ఇంకా పనికొస్తుంది. నిజంగానే పని అయిపోతే, ఖాతాలు తొలగించి, లోపలిదంతా తుడిచేసి, ఈ-వ్యర్థాలు తీసుకునే కేంద్రానికే ఇవ్వాలి. పాత సామాన్లవాడికి ఇచ్చే ట్యాబ్‌లో పాత ఫొటోలుండకూడదు.

ఈసారి 'కొత్త సాఫ్ట్‌వేర్ సిద్ధం' అన్నప్పుడు మూడు చూసుకోండి. ఫొటోలు ఇంకోచోట ఉన్నాయా? చోటు ఖాళీగా ఉందా? పాస్‌వర్డ్ గుర్తుందా? మూడింటికీ 'ఉంది' అనే జవాబొస్తే, అప్పుడు ధీమాగా 'సరే' నొక్కొచ్చు.