ఫార్మాట్ కొట్టే ముందు ఒక్కసారి చూడండి

తెనాలిలో ఇరవై ఏళ్లకు పైగా డీటీపీ సెంటర్ నడుపుతున్నాను. గోడవారగా ఇప్పటికీ ఒక విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్ ఉంది. 2014 ఏప్రిల్‌లో మైక్రోసాఫ్ట్ దానికి అప్‌డేట్లు ఆపేసింది. నేనూ అప్పుడే దాని నెట్ వైరు తీసేశాను, మిషన్ని మాత్రం తీసెయ్యలేదు. పేజ్‌మేకర్లో అను ఫాంట్లతో కట్టిన పాత పుస్తకాలు చాలా అందులోనే ఉన్నాయి. ఆ ఫాంట్లు లేని చోట తెరిస్తే తెలుగు బదులు పిచ్చి గుర్తులు వస్తాయి.

మొన్నామధ్య ఒక రిటైర్డు మాస్టారు పెన్‌డ్రైవ్ పట్టుకొచ్చారు. వాళ్ల ఊరి చరిత్ర, గుడి శాసనాల ఫొటోలు, ముసలివాళ్లు చెప్పగా రాసుకున్న సంగతులు, అన్నీ అందులోనే ఉన్నాయట. "ఏమీ కనబడటం లేదమ్మాయ్, షాపులో అడిగితే ఫార్మాట్ కొట్టాలన్నారు" అన్నారు. ఆయన చెయ్యి వణుకుతోంది.

షిఫ్ట్ కీ నొక్కిపట్టి ఆ ఎక్స్‌పీ మిషన్లో పెన్‌డ్రైవ్ పెట్టాను. అలా పెడితే అందులోదేదీ దానంతటది మొదలవదు. ఫోల్డర్ల పేర్లన్నీ ఉన్నాయి గానీ ప్రతి బొమ్మ మూలా చిన్న వంకర బాణం గుర్తుంది. అంటే అవి ఫోల్డర్లు కావు, షార్ట్‌కట్లు. వాటి మీద రెండుసార్లు నొక్కితే తెరుచుకునేది వైరస్సే. వాటి జోలికి పోకుండా డ్రైవ్ ప్రాపర్టీస్ చూశాను. నాలుగు జీబీల్లో దాదాపు మూడు జీబీలు నిండి ఉన్నాయి. "ఖాళీ డబ్బాకి ఇంత బరువుండదండీ మాస్టారూ, మీ రాతలు లోపలే ఉన్నాయి" అన్నాను. ఆయన కుర్చీ దగ్గరకు లాక్కుని కూర్చున్నారు.

నేను చెప్పదలచుకున్నది ఇదే. కనబడకపోవడం వేరు, పోవడం వేరు. ఈ తేడా తెలియక మన ఊళ్లలో ఎన్నో పెన్‌డ్రైవ్‌లకీ పాత కంప్యూటర్లకీ ఫార్మాట్ కొట్టేస్తున్నారు.

ప్రతి ఫైలుకీ విండోస్ కొన్ని గుర్తులు పెడుతుంది. హిడెన్ అన్న గుర్తుంటే మామూలుగా కంటికి చూపించదు. సిస్టమ్ అన్న గుర్తు కూడా ఉంటే ఇంకా లోపల దాస్తుంది. ఈ షార్ట్‌కట్ వైరస్ మన ఫోల్డర్లకి ఆ రెండూ తగిలించి, అవే పేర్లతో నకిలీలు పెడుతుంది. అందుకే ఎక్స్‌పీలో టూల్స్ కింద ఫోల్డర్ ఆప్షన్స్, అందులో వ్యూ తెరిచి 'షో హిడెన్ ఫైల్స్ అండ్ ఫోల్డర్స్' ఒక్కటి పెడితే చాలదు. కిందున్న 'హైడ్ ప్రొటెక్టెడ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఫైల్స్' టిక్ కూడా తియ్యాలి. కంప్యూటర్ హెచ్చరిస్తుంది. ఎస్ అనాలి. అప్పుడు అసలు ఫోల్డర్లు వెలిసిపోయిన రంగులో పైకొస్తాయి. విండోస్ 7లో మెనూ కనబడకపోతే ఆల్ట్ కీ నొక్కితే వస్తుంది.

ఈ పట్టుదల నాకు ఊరికే రాలేదు. 2009లో నా కంప్యూటర్ బాగా నెమ్మదించింది. బాగు చేయడానికి వచ్చిన కుర్రాడు డెస్క్‌టాప్, మై డాక్యుమెంట్స్ జాగ్రత్తగా కాపీ చేసి సీ డ్రైవ్ ఫార్మాట్ కొట్టాడు. మస్కట్ నుంచి అన్నయ్య రాసిన మెయిళ్లన్నీ అవుట్‌లుక్ ఎక్స్‌ప్రెస్‌లో ఉండేవి. అది మెయిళ్లని లోకల్ సెట్టింగ్స్ అనే ఫోల్డర్ అడుగున పెడుతుంది. ఆ ఫోల్డరేమో హిడెన్. ఆ కుర్రాడికి కనబడలేదు, నాకు తెలియదు. మెయిల్ దించుకున్నాక సర్వర్లో కాపీ మిగలని రోజులవి. అన్నయ్య ఇప్పుడు లేడు. పాప పుట్టినప్పుడు వాడు రాసిన పెద్ద ఉత్తరం ఒక్కటైనా ఉంటే బాగుండును.

ఆ కుర్రాణ్ణి తప్పు పట్టను. వాడికి ఎవరూ నేర్పలేదు. కంప్యూటర్ కోర్సంటే పెయింట్, వర్డ్, ఎక్సెల్ చెబుతారు. ఫైలు ఎక్కడుంటుంది, ఎందుకు దాగుతుంది అన్నది ఒక్క గంట చెప్పినా చాలు. రిపేరు షాపుల వాళ్లనీ ఒకటే అడుగుతున్నాను. ఫార్మాట్ అనే ముందు నిండిన జాగా ఎంతో, కంటికి కనబడే ఫైళ్ల బరువెంతో పోల్చి చూడండి. ఎక్స్‌పీలో సెర్చ్‌ని కూడా నమ్ముకోవద్దు. అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో హిడెన్ ఫైల్స్ అన్న టిక్ పెడితే తప్ప అది దాచినవాటిలో వెతకదు.

దాచింది ఏదైనా చెత్తే అనుకుని తుడిచేసేవాళ్లూ ఉన్నారు. అది ఇంకో ప్రమాదం. సీ డ్రైవ్‌లో ఎన్‌టీఎల్‌డీఆర్ అనే చిన్న ఫైలు ఉంటుంది. పనికిరాదని తీసేస్తే మర్నాడు ఎక్స్‌పీ లేవనే లేవదు. ఎక్స్‌పీలో జాగా కావాలంటే హైబర్‌ఫిల్ అనే ఫైలు చూడండి, అది ఇంచుమించు ర్యామ్ అంత ఉంటుంది. దాన్నయినా చేత్తో తుడవకూడదు. పవర్ ఆప్షన్స్‌లో హైబర్నేట్ ఆపేస్తే అదే పోతుంది. పని అయ్యాక ఫోల్డర్ ఆప్షన్స్ మళ్లీ ఎప్పట్లా పెట్టెయ్యాలి, ఇంట్లో పిల్లలుంటే మరీను.

మాస్టారి పెన్‌డ్రైవ్‌లో ఫోల్డర్లు కనబడ్డాయి గానీ ప్రాపర్టీస్‌లో హిడెన్ టిక్ తీద్దామంటే గడి బూడిద రంగులో బిగుసుకుపోయింది. సిస్టమ్ గుర్తు కూడా ఉంటే అంతే. కమాండ్ ప్రాంప్ట్ అనే నల్ల తెర తెరిచి అట్రిబ్ అని కొట్టాను. మైనస్ హెచ్, మైనస్ ఆర్, మైనస్ ఎస్, స్లాష్ ఎస్, స్లాష్ డి, చివర పెన్‌డ్రైవ్ అక్షరం, కోలన్, వెనక్కి వాలిన స్లాష్, నక్షత్రం, చుక్క, నక్షత్రం. కాసేపటికి రాతలన్నీ మామూలు రంగులోకి వచ్చాయి. అను ఫాంట్ కాబట్టి ఆ మిషన్లోనే మొదటి పేజీ తెరిచి చూపించాను. ఆయన తమ ఊరి చెరువు పేరు నుంచి మొదలుపెట్టి పైకి చదువుకుంటూ పోయారు. నేను షార్ట్‌కట్లు తీసేసి, రెండు డీవీడీల మీదకి కాపీ ఎక్కించాను.

వెళ్తూ ఆ కమాండ్ రాసిమ్మన్నారు. పెళ్లికార్డు ప్రూఫు వెనక రాసిచ్చాను. కళ్లజోడు సర్దుకుని, "ఈ మైనస్ ఎందుకమ్మాయ్?" అని అడిగారు. "ఉన్న గుర్తు తీసెయ్యమని. ప్లస్ పెడితే మళ్లీ దాచేస్తుందండీ" అన్నాను. ఆ మాట కూడా తన పెన్నుతో కింద రాసుకుని, కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నారు.