ముందు వైద్యం, తర్వాతే బిల్లు

పిల్లలతో విదేశాలకు వెళ్తున్న తల్లిదండ్రులకూ, ట్రావెల్ ఏజెంట్లకూ, విదేశాల్లోని తెలుగు సంఘాల పెద్దలకూ, రెండు తెలుగు రాష్ట్రాల పార్లమెంటు సభ్యులకూ విన్నపం.

విదేశీ ప్రయాణం ఇప్పుడు గొప్పింటి ముచ్చట కాదు. గల్ఫ్‌లో ఉన్న భర్త దగ్గరికి విజిట్ వీసా మీద పిల్లల్ని తీసుకుని కరీంనగర్, నిజామాబాద్ పల్లెల నుంచి వెళ్లే ఇల్లాళ్లున్నారు. వేసవి సెలవులకు బ్యాంకాక్, సింగపూర్, దుబాయ్ ప్యాకేజీలు కట్టే ఉద్యోగస్తులున్నారు. అన్నగారింట గృహప్రవేశానికి కుటుంబమంతా కలిసి డాలస్ వెళ్లేవాళ్లున్నారు. పెట్టెల్లో ఆవకాయ, కారప్పొడి మరిచిపోకుండా సర్దుతారు. పిల్లవాడి బరువెంత, ఏ మందు పడదు, ఏ టీకాలు వేశారు అన్నది రాసిన ఒక్క కాగితం మాత్రం చాలామంది దగ్గర ఉండదు.

అర్ధరాత్రి హోటల్ గదిలో పిల్లకు ఫిట్స్ వస్తే చెయ్యి అలవాటుగా 108 వైపే పోతుంది. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన ఆ అంబులెన్స్ మనకు అంతగా ఒంటపట్టింది. శ్రీలంకలో 2016లో భారత ప్రభుత్వ సాయంతో మొదలైన 1990 అంబులెన్స్ కూడా దాన్ని చూసి పెట్టిందే. కానీ సరిహద్దు దాటితే 108 పలకదు. థాయ్‌లాండ్‌లో 1669, సింగపూర్‌లో 995, యూఏఈలో 998, సౌదీలో 997, అమెరికాలో 911. ఈ అంకెల్ని విమానం టికెట్ మీద, హోటల్ వోచర్ మీద అచ్చు వేయడానికి ఏజెంటుకు పైసా ఖర్చు లేదు. బ్రేక్‌ఫాస్ట్ ఉచితమని పెద్దక్షరాల్లో వేసేవాళ్లు ఇది వేయకపోవడానికి కారణం ఒక్కటే: మనం అడగలేదు.

నంబరు తెలిసినా చెయ్యి ఆగుతుంది, బిల్లు గుర్తొచ్చి. "తెల్లారనీ, చూద్దాం" అనే మాట అక్కడే పుడుతుంది. పిల్లల విషయంలో ఆ మాటకు చోటు లేని సందర్భాలున్నాయి. మూడు నెలల లోపు పసికందుకు జ్వరం 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ తాకినా, ఫిట్స్ ఐదు నిమిషాలు దాటినా, డొక్కలెగరేస్తూ ఊపిరి తీస్తున్నా, లేపితే లేవకుండా మగతగా ఉన్నా, ఒంటి మీద మచ్చలు గాజు గ్లాసుతో నొక్కినా మాయం కాకపోయినా ఆ క్షణమే బయల్దేరాలి. రిమోట్‌లో ఉండే బిళ్ల బ్యాటరీ మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు. వాంతి చేయించకూడదు, తెల్లారేదాకా కూర్చోకూడదు.

అమెరికా పేరు చెబితే మనవాళ్లకు బిల్లు భయం మరీ ఎక్కువ. ఆ భయంలో నిజం ఉంది. అంబులెన్స్ ఎక్కితేనే వేల డాలర్లు కావచ్చు. కానీ భయపడేవాళ్లలో ఎక్కువమందికి తెలియని సంగతి ఒకటుంది. డబ్బు లేదని రోగిని వాకిట్లోంచే వెళ్లగొట్టే పద్ధతిని ఆపడానికి అక్కడ 1986లోనే ఒక ఫెడరల్ చట్టం వచ్చింది. మెడికేర్ అనే ప్రభుత్వ బీమా సొమ్ము తీసుకునే ప్రతి ఆసుపత్రీ తన ఎమర్జెన్సీకి వచ్చినవాళ్లను పరీక్షించాలి, ప్రాణాపాయం ఉంటే గట్టెక్కించాలి. పౌరసత్వం, ఇన్సూరెన్స్ ఉన్నాయా లేదా అన్న కారణంతో ఆ పని ఆపకూడదు. బిల్లు తర్వాత వస్తుంది, తప్పకుండా వస్తుంది. అప్పుడు పద్దులవారీగా బిల్లు అడగవచ్చు. లాభాపేక్ష లేని ఆసుపత్రులు కట్టలేనివాళ్లకు ఆర్థిక సాయం చేసే విధానాన్ని రాతపూర్వకంగా ఉంచాలని 2010 నాటి ఆరోగ్య చట్టం చెబుతోంది కాబట్టి ఆ దరఖాస్తూ అడగవచ్చు. ఫెడరల్ నిధులు పొందే ఆసుపత్రిలో తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలంటే ఫోన్లోనైనా ఉచితంగా కలపాలి. పదేళ్ల మేనకోడలితో డాక్టరు మాటలు చెప్పించుకోనక్కర్లేదు. చిన్నపాటి జ్వరానికి, చెవిపోటుకు ఎమర్జెన్సీకి పరుగెత్తకుండా అర్జెంట్ కేర్ క్లినిక్‌కు వెళ్తే ఖర్చు చాలా తగ్గుతుంది.

అన్ని దేశాల్లో ఇలా ఉండదు. విహారయాత్రలకు మనం ఎగబడే ఊళ్లలో ప్రైవేటు ఆసుపత్రులు చేర్చుకునే ముందే డిపాజిట్ అడుగుతాయి, లేదా బీమా కంపెనీ హామీ పత్రం అడుగుతాయి. క్రెడిట్ కార్డు పరిమితి దాటిపోతుంది. ఊళ్లో అన్నదమ్ములకు ఫోన్లు వెళ్తాయి. వాళ్లు నిద్రలేచి డబ్బు సర్దేలోపు పిల్లవాడు స్ట్రెచర్ మీదే ఉంటాడు. మా ప్రధానమైన కోరిక ఈ గంటల గురించే.

భారత ప్రభుత్వం దగ్గర భారతీయ సమాజ సంక్షేమ నిధి అని ఒకటుంది. 2009లో పెట్టారు. విదేశాల్లోని మన రాయబార కార్యాలయాల్లో పాస్‌పోర్టు, ఇతర సేవలకు వచ్చినవాళ్ల దగ్గర వసూలు చేసే కొద్దిపాటి రుసుముతో అది నడుస్తుంది. కష్టంలో ఉన్న భారతీయులకు అత్యవసర వైద్యం కూడా దాని పనుల్లో ఒకటి. అయితే ముందు మనిషి స్తోమత చూస్తారు. పెద్దవాళ్ల విషయంలో అది సబబే కావచ్చు. రెండేళ్ల పిల్ల విషయంలో తండ్రి జీతం లెక్క తేలేదాకా ఆగడం సబబు కాదు. పద్దెనిమిదేళ్ల లోపు భారతీయ పిల్లలెవరికైనా ప్రాణాపాయం అని డాక్టరు రాసిస్తే, స్తోమత చూడకుండా, రాయబార కార్యాలయం గంటల్లో ఆసుపత్రికి హామీ పత్రం ఇవ్వాలి. డబ్బు దానం చేయమని అడగడం లేదు. తల్లిదండ్రుల చేత పూచీ రాయించుకోండి, ఇంటికి చేరాక వాయిదాల్లో వసూలు చేయండి.

కూలి కోసం వెళ్లినవాళ్లు కట్టిన రుసుముతో విహారయాత్రికుల పిల్లలకు హామీ ఏమిటని అడిగేవాళ్లుంటారు. న్యాయమైన ప్రశ్న. అందుకే ఖర్చు యాత్రికుల మీదే వేయమంటున్నాం. పిల్లల పాస్‌పోర్టుకు మామూలు రుసుము 1,000 రూపాయలు. దాని మీద ఇంకో వంద తీసుకుని పిల్లల అత్యవసర వైద్యానికే విడిగా ఉంచితే ఎవరూ నొచ్చుకోరు. పైగా ఈ హామీ కూలికి వెళ్లినవాళ్ల పిల్లలకూ అవసరమే. గల్ఫ్ కార్మికుడి సంగతి చూడండి. ఎమిగ్రేషన్ క్లియరెన్స్‌తో వెళ్లినవాడికి ప్రవాసీ భారతీయ బీమా యోజన ప్రమాద మరణానికి 10 లక్షల రూపాయలు ఇస్తుంది. అతణ్ణి చూడటానికి వచ్చిన బిడ్డకు అక్కడ న్యుమోనియా వస్తే ఆ పాలసీ పనికిరాదు.

ఇక బీమా. యూరప్ షెంగెన్ వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి కాబట్టి అక్కడికి వెళ్లేవాళ్లు గొణక్కుండా కొంటారు. 2023 నవంబరులో థాయ్‌లాండ్ మనవాళ్లను వీసా లేకుండా రానిచ్చింది. వీసా లేనిచోట బీమా అడిగేవాడూ లేడు. పిల్లలున్న ప్యాకేజీని బీమా లేకుండా అమ్మకూడదని నిబంధన పెట్టాలి. కొనేటప్పుడు మీరూ నాలుగు మాటలు అడగండి: ఎన్ని నెలల వయసు నుంచి వర్తిస్తుంది? ఆస్తమాలాంటి పాత జబ్బు తిరగబెడితే ఇస్తారా? ఆసుపత్రికి నేరుగా కడతారా, మనం కట్టాక తిరిగిస్తారా? అమెరికాకైతే, ఇది చౌకగా దొరికే ఫిక్స్‌డ్ బెనిఫిట్ రకమా? ఆ రకంలో ఒక్కో సేవకు ఒక నిర్ణీత మొత్తమే ఇస్తారు, మిగతాది మన నెత్తిన పడుతుంది.

మందుల విషయంలో ఒక్క హెచ్చరిక. మనం పారాసిటమాల్ అనేదాన్ని అమెరికాలో అసెటమినోఫెన్ అంటారు. అక్కడి పిల్లల సిరప్‌లో 5 మిల్లీలీటర్లకు 160 మిల్లీగ్రాములు ఉంటుంది. మన దగ్గర 125, 250 రకాలు దొరుకుతాయి. చెంచా అదే అయినా మోతాదు అది కాదు. పిల్లవాడి బరువు కిలోల్లో రాసి ఉంచుకోండి, సీసా చూపించి మోతాదు అడగండి.

విదేశాల్లోని తెలుగు సంఘాలకు ఒక మాట చెప్పక తప్పదు. ఎవరైనా పోతే పార్థివదేహాన్ని ఊరికి చేర్చడానికి మీరు రాత్రింబవళ్లు కష్టపడతారు. చందాలు పోగుచేస్తారు. అందుకు ఎంత మెచ్చుకున్నా తక్కువే. ఆ ఓపికలో కొంత బతికున్న బిడ్డ కోసం ముందే ఖర్చు పెట్టండి. మీ ఊళ్లో పిల్లల ఎమర్జెన్సీ ఉన్న ఆసుపత్రి ఏది, రాత్రిపూట తెలుగులో పలికే మనిషెవరు అన్నది ఒక పేజీలో రాసి అందరికీ పంచండి. సభల్లో సినిమా తారలకు పరిచే ఎర్ర తివాచీ ఖర్చులో ఇది వందో వంతు కూడా కాదు.

ఈ కాగితం చదివినవాళ్లు చేయవలసిన పని చిన్నది. మీ పార్లమెంటు సభ్యుడికి ఒక ఉత్తరం రాయండి. పిల్లలకు హామీ పత్రం, దానికి పాస్‌పోర్టు రుసుములో వంద రూపాయలు, ప్యాకేజీతోపాటు బీమా అని అందులో స్పష్టంగా అడగండి. జవాబు రాకపోతే మళ్లీ రాయండి. ఎన్నికలప్పుడు ఇంటికొస్తే వాకిట్లో నిలబెట్టి అడగండి.