నమ్మకం పనిముట్టయితే...

ఆదివారం ఆబిడ్స్‌లో దుకాణాలు మూతపడితే, వాటి ముందు కాలిబాట మీద పాత పుస్తకాలు పరుచుకుంటాయి. మొన్నొక ఆదివారం అక్కడ నా విద్యార్థి ఒకతను కనిపించాడు. చేతిలో పీటర్ కారల్ ‘లైబర్ నల్’ తాలూకు జిరాక్సు ప్రతి. 1978లో ఇంగ్లండులో వెలువడిన ఈ పుస్తకం ‘కేయాస్ మేజిక్’ అనే పద్ధతికి మూలగ్రంథాలలో ఒకటి. “ఇది చేతబడి కాదు సార్, తత్వశాస్త్రం” అన్నాడు.

తత్వశాస్త్రమే, ఒప్పుకుందాం. దేవుడున్నాడా లేడా అన్నది వీరికి ప్రశ్నే కాదు. ఏ నమ్మకమూ సత్యం కాదు, నమ్మకం ఒక పనిముట్టు. ఈవేళ కాళిని నమ్ము, రేపు కథలోని పాత్రను నమ్ము. ఫలితం వస్తే వుంచుకో, రాకపోతే పారెయ్యి. చిత్రకారుడు ఆస్టిన్ ఒస్మాన్ స్పేర్ (1886-1956) నుంచి వీరు తెచ్చుకున్న తంతు ఒకటున్నది. కోరికను వాక్యంగా రాసి, రెండోసారి వచ్చిన అక్షరాలు కొట్టేసి, మిగిలినవాటిని ఒక గుర్తుగా అల్లి, దాని మీద మనసు నిలిపి, ఆ తరువాత కోరికనే మరిచిపోవాలి. ఎవరి మాటా నమ్మవద్దు, చేసి చూడు, దినచర్య రాసుకో అంటారు. కుర్రవాళ్లను లాగేది ఈ మాటే. శాస్త్రం చెప్పేదీ ఇదే కదా!

ఇది కాదు. విమర్శించేముందు నేనూ నెలరోజులు చేశాను. ఏడు కోరికలలో రెండు నెరవేరాయి. ఒకటి కరువుభత్యం బకాయి. అది నా గుర్తు మహిమే అయితే రాష్ట్రంలోని అధ్యాపకులందరూ నాకు రుణపడి వున్నారు. తక్కిన అయిదూ? మరిచిపొమ్మన్నారు గనక అవి లెక్కకు రావు. ఓటమిని మరిచిపోవటమే నియమంగా గల ప్రయోగం ఎన్నడైనా ఓడుతుందా? ‘అనుభవం’ అన్న మాట చాటున భావవాదం దాగగలదని లెనిన్ 1909లోనే మాఖ్ అనుచరులతో వాదించవలసి వచ్చింది. ఫెయరాబెండ్ 1975లో శాస్త్రానికి ఒకే పద్ధతి లేదన్నాడు. మా కుర్రవాడు దాన్ని ఏ పద్ధతీ అక్కర్లేదని చదువుకున్నాడు.

అక్కడికి నడక దూరంలోనే నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానం. ఏటా జూన్‌లో, మృగశిర కార్తెనాడు, ఉబ్బసం రోగులు అక్కడ కొరమీను పిల్లను మింగుతారు. మొదట దాన్ని చేప మందు అన్నారు. జన విజ్ఞాన వేదిక వంటి సంఘాలు నిలదీశాక ప్రసాదం అయింది. మందయితే పరీక్షకు నిలబడాలి మరి. ఆ వరసలను చూసి నా విద్యార్థి నవ్వుతాడు. వాళ్లు ఊపిరాడక వచ్చినవాళ్లు, నిజమని నమ్మి వచ్చారు. ఇతను నిజం కాదని తెలిసే నమ్ముతున్నాడు. నాకు వాళ్ల మీదే గౌరవం ఎక్కువ.

గోరా 1940లో స్థాపించిన నాస్తిక కేంద్రంవారు నిప్పుల మీద నడిచి చూపారు. భక్తుడి కాలికీ నాస్తికుడి కాలికీ నిప్పు ఒకటే. అదీ స్వానుభవమే, కాని నలుగురి ఎదుట, ఎవరైనా నడిచి చూడగలిగింది.

నా విద్యార్థి రాసిన ఉద్యోగపరీక్ష ప్రశ్నపత్రం ముందే బయటికి పొక్కి రద్దయింది. తాను గీసిన గుర్తులో లోపం వున్నదని అతను దినచర్యలో రాసుకున్నాడు. తోటివాళ్లు ధర్నాకు వెళ్లిన రోజున గదిలో కూర్చుని దాన్ని దిద్దుకుంటున్నాడు.