ఓడలో వెళ్లాలా, విమానములో వెళ్లాలా?



గత మాసములో ఒక ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత మా సంఘములోని ఒక తల్లి మా దగ్గరకు వచ్చి, "అయ్యగారండీ, అమ్మాయికి ఎనిమిదో నెల. పెద్దోడికి బడి ఉంది, కాన్పుకు ఇక్కడికి రాలేదంట. నన్నే రమ్మంటంది. అల్లుడుగారు విమానం టికెట్టు తీస్తానంటన్నారు. నాకేమో ఓడలో వెళ్లాలనుంది. ఏం చెయ్యమంటారు?" అని అడిగారు. కుమార్తె ఉంటున్నది అండమాన్‌లో, పోర్ట్ బ్లెయిర్‌లో. 2024లో ఆ పట్టణమునకు శ్రీ విజయపురము అని పేరు మార్చారు గాని, మా అనకాపల్లిలో ఆ పేరు ఇంకా ఎవరి నోటా పలకడము లేదు.

ఇది ఒక్క ఇంటి ప్రశ్న కాదు. 2011 జనాభా లెక్కలలో ఆ దీవుల జనము 3 లక్షల 80 వేలు. అందులో నూటికి 13 మంది తెలుగు మాతృభాషగా గలవారు. శ్రీకాకుళము మొదలు విశాఖ వరకు మన తీరములోని పల్లెలనుండి చేపల వేటకు, మేస్త్రీ పనికి, ఉద్యోగాలకు వెళ్లి స్థిరపడిన కుటుంబాలు ఎన్నో. కాన్పులకు, పెండ్లిండ్లకు, మరణాలకు రాకపోకలు తప్పవు గదా.

విశాఖ రేవునుండి అక్కడికి సముద్రముమీద సుమారు 1,200 కిలోమీటర్లు. ఓడలో రెండున్నర రోజులు పడుతుంది. చెన్నై, కోల్‌కతాలనుండి నెలకు కొన్ని ఓడలుంటే, విశాఖ వంతుకు వచ్చేది ఎప్పుడూ తక్కువే. అదీ ముందు చెప్పిన తేదీకే కదులుతుందన్న నమ్మకము లేదు. విమానమైతే చెన్నైనుండి గాని కోల్‌కతానుండి గాని రెండు గంటల పైచిలుకు.

మేము మా ఇంటివారితో 2012లో అక్కడి తెలుగు కుటుంబాలను దర్శించడానికి ఓడలోనే వెళ్లాము. ఓడలో క్యాబిన్లు కూడ ఉన్నవి గాని మేము తీసుకొన్నది బంకు టికెట్టు. అడుగు అంతస్తులో పెద్ద హాలు, మంచముమీద మంచము, ఎవరి మూటలు వారి కాళ్లదగ్గర. మొదటి రోజు అందరము పైకెక్కి సముద్రము చూచి సంతోషించాము. రెండవ రోజు గాలి లేచింది. ఇక లేచి నిలబడినవారు లేరు. మా ఇంటివారు రోజంతా ఒక నిమ్మకాయ వాసన చూస్తూ పడుకొన్నారు. అయినా ఆ ప్రయాణము చేదుగా జ్ఞాపకము లేదు. పక్క మంచము పెద్దమ్మగారు ఆవకాయ జాడీ విప్పి హాలంతటికీ పంచారు. రెండు బియ్యపు మూటలు, ఒక కుట్టుమిషను, చంటిబిడ్డతో ఒక కుటుంబము కాపురము పెట్టడానికి వెళ్తున్నది. ఆ సామాను ఏ విమానము మోస్తుంది? తొందర లేనివారికి, సామాను గలవారికి, చేతిలో డబ్బు తక్కువ గలవారికి ఓడ మంచిదే. నడుము నొప్పి, మోకాళ్ల నొప్పి ఉన్నవారికి ఆ మెట్లు, ఆ పై మంచము కష్టము.

కాలము కూడ చూచుకోవాలి. అపొస్తలుడైన పౌలు కాలము మించిన తరువాత ప్రయాణము వద్దని చెప్పినా శతాధిపతి నావికుని మాటే విన్నాడని, 276 మంది ఉన్న ఆ ఓడ బద్దలైనదని మనకు తెలుసు. మన సముద్రములో అక్టోబరు, నవంబరు నెలలు అలాంటివి. 2014లో హుద్‌హుద్ తుఫాను అక్టోబరు 8న అండమాన్‌లోని లాంగ్ ఐలండ్‌ను దాటి, 12న విశాఖను కొట్టింది. అప్పుడు విశాఖ విమానాశ్రయము పైకప్పే ఎగిరిపోయి కొన్ని రోజులు విమానాలూ లేవు. కాబట్టి గాలి చెడితే రెండూ ఒకటే.

ఇప్పుడు మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. మా పెద్దన్నయ్య ఉత్తర అండమాన్‌లోని డిగ్లిపూర్‌లో తాపీ మేస్త్రీగా ఉండేవారు. 2009లో నాన్నగారు పోయారు. అన్నయ్య ఒక రోజంతా బస్సులో, మధ్యలో సముద్రపు పాయలను పంటుమీద దాటుకొంటూ పోర్ట్ బ్లెయిర్ చేరారు. మరునాడు విమానమెక్కి ఉంటే మట్టికి అందేవారు. ఓడకోసము ఆగారు. ఓడ తేదీ వెనక్కి జరిగింది. మేము రెండు రోజులు ఐసుపెట్టెలో ఉంచి, ఇక ఉంచలేక సమాధి చేశాము. ఆయన తొమ్మిదవ నాడు వచ్చారు. స్థలము కొనడానికి దాచిన డబ్బు ఆయన దగ్గర ఉందని మాకు తెలుసు. తండ్రికంటె డబ్బు ఎక్కువైందని మేము రెండేండ్లు ఆయనతో సరిగా మాట్లాడలేదు. బోధించే నోటితోనే అలా ఉన్నాము.

తరువాత ఒక రాత్రి ఆయనే చెప్పారు. "డబ్బు కాదురా తమ్ముడూ. ఎప్పుడూ ఎక్కలేదు. అక్కడ ఎవరిని ఏం అడగాలో తెలీదు. నలుగురిలో నవ్వులపాలవుతానని భయమేసింది."

అందుచేత ఆ తల్లిని మేము ఛార్జీల సంగతి అడగలేదు. "అమ్మా, విమానము ఎప్పుడైనా ఎక్కారా?" అన్నాము. ఆమె కొంగు సర్దుకొని, "బెల్లం దిమ్మలు, కాన్పు మందులు పట్టుకెళ్లాలి కదండీ" అన్నారు. కాసేపు ఆగి, "మన విశాఖ వాళ్లు ఎక్కిన విమానం కనపడకుండా పోయింది కదండీ" అన్నారు. నిజమే. 2016 జూలై 22న తాంబరంనుండి పోర్ట్ బ్లెయిర్ బయలుదేరిన వాయుసేన విమానములో 29 మంది ఉన్నారు. వారిలో ఎనిమిదిమంది విశాఖ నౌకాదళ ఆయుధాగారము ఉద్యోగులు. ఏడున్నరేండ్ల తరువాత, 2024 జనవరిలో గాని దాని శకలాలు సముద్రపు అడుగున కనబడలేదు. ఆ ఇండ్లవారి దుఃఖము తెలిసిన ఊరిలో ఈ భయము వెర్రిది అని ఎలా అంటాము? అది సైన్యపు సరుకుల విమానము, ప్రయాణికుల విమానము వేరు అని మాత్రము చెప్పాము.

కాన్పు ఓడ తేదీకోసము ఆగదు. కాబట్టి వెళ్లేటప్పుడు విమానమే అన్నాము. టికెట్టు తీసేటప్పుడే మోకాళ్ల నొప్పి సంగతి చెప్పి చక్రాల కుర్చీ అడగమని అల్లుడుగారికి ఫోనులో చెప్పాము. దానిని తోసే మనిషే విమానము మారేచోట దారి చూపిస్తాడు. ఆధార్ కార్డు, ఫోను, కుమార్తె నంబరు వ్రాసిన కాగితము మెడలోని చిన్న సంచిలో. చెన్నైలో పనిచేసే మా సంఘపు యౌవనస్థుడొకడు అదే రోజు తిరిగి వెళ్తున్నాడు; అక్కడివరకు తోడుంటాడు.

బెల్లము దిమ్మలు ఓడలో వెళ్లే మరొక కుటుంబము చేతికి ఇచ్చారు. మందులపొడి మాత్రము తన దగ్గరే ఉంచుకొన్నారు. తిరిగి వచ్చేది ఓడలోనేనని ఆమె ఇప్పుడే చెప్పేశారు. అప్పటికి తొందరేమీ ఉండదట.