నల్లరంగు డబ్బా పక్కనే బ్లీచ్ ప్యాకెట్

వేసవి సెలవులు వస్తే మన ఇళ్లలో ఈ పేచీ మొదలవుతుంది. ఈ ఏడాది ఇండియా ప్రయాణం లేదు, కూచిపూడి ప్రదర్శన అయిపోయింది, ఇక జుట్టు ప్లాటినం బ్లాండ్ చేసుకుంటానంటుంది పదిహేనేళ్ల అమ్మాయి. అబ్బాయిలూ తక్కువ తినలేదు. కొరియన్ గాయకుడి ఫొటో ఫోన్‌లో చూపించి అచ్చం ఇలాగే కావాలంటున్నారు. నాన్న ‘మన ఇంటావంటా లేదు’ అంటారు. అమ్మ ‘వీడియో కాల్‌లో అమ్మమ్మ చూస్తే ఏమంటుంది’ అంటుంది. రెండు రోజులు ఇంట్లో మాటలుండవు. మూడో రాత్రి అందరూ పడుకున్నాక, మందుల షాపులో పదిహేను డాలర్లకు కొన్న డబ్బాతో బాత్రూం తలుపు గడియ పడుతుంది.

డాలస్ దగ్గర ఒక సెలూన్‌లో పనిచేస్తాను కాబట్టి నాకు కనిపించేది నాలుగో రోజు. ఎండాకాలంలో ఊలు టోపీ పెట్టుకుని తల్లి వెనకాల నక్కి వచ్చే పిల్ల. టోపీ తీస్తే కుదుళ్ల దగ్గర పసుపు, మధ్యలో నారింజ, చివర్లు ఇంకా నలుపు. పట్టుకుంటే కొబ్బరి పీచు. తల్లి ముఖంలో కోపం, పిల్ల ముఖంలో అవమానం. ఇద్దరూ నా వైపు చూసి అడిగేది ఒకటే, ‘మళ్లీ నల్లగా చేసేయగలరా?’ అని.

ఈ గొడవలో పెద్దలు పట్టుకున్న కొస తప్పని నా అభిప్రాయం. ‘మన సంస్కృతి కాదు’ అన్న మాట నిలబడదు. అదే బాత్రూం అల్మారాలో నాన్నగారి నల్లరంగు డబ్బా ఉంటుంది, కొన్ని ఇళ్లలో అమ్మది కూడా. ఉగాది వేడుక ముందు వారం, ఇండియా ఫ్లైటు ముందు రోజు అది బయటికి వస్తుంది. తెల్లజుట్టు నల్లగా చేసుకోవడం పద్ధతి, నల్లజుట్టు తెల్లగా చేసుకోవడం సంస్కృతి నాశనం అంటే పిల్లలకు నవ్వొస్తుంది. న్యాయంగానే వస్తుంది.

ఇంకో మాట. తిరుమలలో మనం సమర్పించే తలనీలాలను దేవస్థానం వేలం వేస్తుంది. మన గుళ్ల నుంచి వెళ్లిన జుట్టులో కొంత విదేశాలకు చేరి, అక్కడ నలుపు పోగొట్టుకుని, బంగారు రంగు ఎక్స్‌టెన్షన్లుగా సెలూన్లకు వస్తుంది. బ్లాండ్‌గా మారిన మన జుట్టును నా చేతులతో ఇంకొకరి తలకు అతికించిన రోజులున్నాయి. కాబట్టి మన వెంట్రుకకు ఆ రంగు కొత్త కాదు. గమనించాల్సింది ఒక్కటే. మంచి కంపెనీలు ఆ నలుపును తేలికపాటి ద్రావణాల్లో రోజుల తరబడి నానబెట్టి నెమ్మదిగా తీస్తాయి. అదీ తల నుంచి వేరైన జుట్టుకు. మన పిల్ల అదే పనిని నలభై నిమిషాల్లో, కింద చర్మం ఉన్న జుట్టుకు చేయబోతోంది.

పిల్లలతో మాట్లాడాల్సింది ఇక్కడి నుంచి. వాళ్లు కెమిస్ట్రీ చదువుతున్నారు, అర్థమవుతుంది. బ్లీచ్ పొడిలో పెర్‌సల్ఫేట్లు ఉంటాయి. దానికి కలిపే డెవలపర్ హైడ్రోజన్ పెరాక్సైడ్. ఈ మిశ్రమం వెంట్రుక పై పొరను తెరిచి లోపలి మెలనిన్‌ను విరగ్గొడుతుంది. మన నలుపు ఒక్కసారిగా తెలుపు కాదు. ముందు ఎరుపు, తర్వాత నారింజ, ఆ తర్వాత పసుపు, చివరికి అరటి తొక్క లోపలి వైపు ఉండే లేత పసుపు. బ్లీచ్ పని అక్కడితో ఆగాలి. ఆ పసుపును కనిపించకుండా చేసేది ఊదారంగు టోనర్. ఇంకాసేపు ఉంచితే తెల్లబడుతుందనుకున్న పిల్లలకు మిగిలేది విరిగిన వెంట్రుకలే. నల్లటి జుట్టును అంతదాకా తేవాలంటే సెలూన్‌లోనే తరచుగా రెండు మూడు విడతలు పడతాయి, వాటి మధ్య వారాల విరామం ఇస్తాం.

డెవలపర్ సీసాల మీద 20, 40 అని అంకెలుంటాయి. 20 అంటే 6 శాతం పెరాక్సైడ్, 40 అంటే 12 శాతం. పెద్ద అంకె కొంటే పని త్వరగా అవుతుందని పిల్లలు అనుకుంటారు. త్వరగా అయ్యేది మాడు కాలడం. పైగా తల వేడికి కుదుళ్ల దగ్గర బ్లీచ్ వేగంగా పనిచేస్తుంది. అందుకే తెలిసినవాళ్లు ముందు పొడవుకు పూసి, కుదుళ్లకు చివర్లో పూస్తారు. నా దగ్గరికి వచ్చే పసుపు కుదుళ్ల కథ అదే.

మన ఇళ్లకే ప్రత్యేకమైన చిక్కు గోరింటాకు. ఆదివారం తలకు హెన్నా పెట్టించుకున్న పిల్లల జుట్టులో ఆ రంగు వెంట్రుకను పట్టుకుని ఉంటుంది. బ్లీచ్‌కు తొందరగా లొంగదు, నారింజ దగ్గర మొండికేస్తుంది. నీలి ఆకు పొడి కలిపి ఉంటే ఆకుపచ్చ తేలవచ్చు. కొన్ని ప్యాకెట్ల పొడుల్లో లోహ లవణాలు ఉంటాయి, అవి పెరాక్సైడ్ తగిలితే వేడెక్కుతాయి. ఏ సెలూన్‌కు వెళ్లినా ‘హెన్నా వాడారా’ అన్న ప్రశ్నకు నిజం చెప్పండి. అమెరికన్ స్టైలిస్టుకు మీ అత్తగారు పంపిన ప్యాకెట్ గురించి తెలిసే దారి లేదు.

కొబ్బరినూనె మాత్రం మన పక్షానే ఉంది. తలస్నానానికి ముందు రాసినా, తర్వాత రాసినా వెంట్రుకలోని ప్రొటీన్ పోకుండా అది కొంత ఆపుతుందని, బ్లీచ్ చేసిన జుట్టుకూ అది వర్తిస్తుందని 2003లో వచ్చిన ఒక అధ్యయనం చూపింది. ఆ పరిశోధన చేసింది కొబ్బరినూనె అమ్మే కంపెనీ వాళ్లేనన్నది కూడా గుర్తుంచుకోండి. నా అనుభవంలో మాత్రం మేలే చేసింది.

నాన్నగారి డబ్బా దగ్గరికి మళ్లీ వస్తాను. చాలా నల్లరంగుల్లో పీపీడీ అనే రసాయనం ఉంటుంది. కొందరికి అది తీవ్రమైన అలర్జీ తెస్తుంది. ఏళ్ల తరబడి ఏమీ కాకుండా వాడినవాళ్లకు కూడా ఒక రోజు కళ్లు మూసుకుపోయేంత వాపు రావచ్చు. అందుకే 48 గంటల ముందు చర్మం మీద కొంచెం రాసి చూడమంటారు. మన మగవాళ్లలో ఆ పని చేసేవారిని నేను చూడలేదు. బ్రిటన్‌లో, యూరప్‌లో ఇలాంటి రంగుల డబ్బాల మీద 16 ఏళ్లలోపు వారికి ఉద్దేశించినది కాదని ముద్రిస్తారు. పిల్లకు జాగ్రత్త చెప్పే ముందు నాన్న తన డబ్బా మీది చిన్న అక్షరాలు చదివితే ఆ మాటకు బరువు వస్తుంది.

రసాయనం కాకుండా అడగాల్సింది ఇంకొకటి ఉంది. అది నాలాంటివాళ్లు అడగలేరు, ఇంట్లోవాళ్లే అడగాలి. ఎందుకు తెల్లగా కావాలి? చాలామందికి అది సరదా, ఫ్యాషన్, స్నేహితులతో పందెం. అందులో తప్పు వెతకక్కర్లేదు. కొందరికి మాత్రం తన నలుపే బరువు. క్లాసులో ఎవరో అన్న మాట, చేతుల మీది వెంట్రుకల గురించి వేసిన జోకు లోపల ఉంటాయి. ఒకమ్మాయి నా కుర్చీలో కూర్చుని, రంగు మారితే తనను ఇండియన్ అని వెంటనే గుర్తుపట్టరు కదా అని అడిగింది. ఆ పిల్లకు కావలసింది టోనర్ కాదు. పక్కన సోఫాలో తల్లి ఫోన్ చూసుకుంటోంది. ‘ఇంటావంటా లేదు’ అని మొదటి మాటకే తలుపు మూసేస్తే ఈ సంగతి ఏనాటికీ బయటికి రాదు.

నన్ను అడిగితే, పదహారు లోపు వద్దనే చెబుతాను. కారణంగా అమ్మమ్మను చూపించకుండా మాడును చూపిస్తాను. పదహారు దాటితే సెలూన్‌లో, తల్లో తండ్రో పక్కనుండగా. టెక్సాస్‌లో మాకు లైసెన్సు రావాలంటే 1,000 గంటల శిక్షణ కావాలి. ఆ గంటల్లో ఎక్కువ భాగం నేర్పేది ఎప్పుడు ఆపాలో. కాలేజీ హాస్టల్లో ఉన్న పెద్దపిల్లలు ఎలాగూ ఇంట్లోనే చేసుకుంటారు. వాళ్లకు ఇది పంపండి: ఒక చిన్న పాయ మీద ముందు చూసుకోవాలి, 20 దాటకూడదు, ప్లాస్టిక్ గిన్నె వాడాలి, కిటికీ తెరవాలి, హెయిర్ డ్రయ్యర్ వేడి తగిలించకూడదు. మిగిలిన మిశ్రమాన్ని మూత బిగించి దాచకూడదు, సీసా పేలుతుంది. ఉబ్బసం ఉన్నవాళ్లు ఆ పొడి జోలికే పోవద్దు. బట్టలుతికే బ్లీచ్ వేరు, అది తలకు కాదు. మంట పుడితే టైమరు చూడకుండా నీళ్ల కింద తల పెట్టాలి. ముఖం ఉబ్బినా, ఊపిరి అందకపోయినా 911.

డబ్బు లెక్క కూడా పిల్లల ముందే వేయండి. జుట్టు నెలకు సుమారు అరంగుళం పెరుగుతుంది. అంటే ఆరు వారాలు తిరిగేసరికి తెల్లజుట్టు కింద నల్ల కుదుళ్లు కనిపిస్తాయి, మళ్లీ సెలూన్‌కు రావాలి. మొదటిసారికే కొన్ని వందల డాలర్లు అవుతుంది. కాగితం మీద ఈ లెక్క చూశాక కొందరు తమంతట తామే ‘ఆంటీ, ముందు రెండు పాయలు చాలు’ అంటారు. మొత్తం కావాలనేవాళ్లకు శనివారం ఉదయం తొమ్మిదికి అపాయింట్‌మెంట్ ఇస్తాను. రోజంతా పడుతుంది, భోజనం తెచ్చుకోమంటాను.