ఆ లారీలో పీచ్ పండ్లు లేవు

అమెరికా రాక్ బృందం ఆల్మన్ బ్రదర్స్ బ్యాండ్ మాట ఎత్తగానే ఒక కథ ముందుకొస్తుంది. గిటారిస్టు డ్వేన్ ఆల్మన్ మోటార్‌సైకిల్ మీద వెళ్తూ పీచ్ పండ్ల లారీకి గుద్దుకుని చనిపోయాడట. అందుకే తర్వాతి ఆల్బమ్‌కి ‘ఈట్ ఎ పీచ్’ అని పేరు పెట్టారట. ఈ కథ వెంటే ఇంకో మాట వస్తుంది: డ్వేన్‌తోనే ఆ బ్యాండ్ పోయింది, మిగిలినవాళ్లు చేసిందల్లా చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడమే అని. మొదటిది అబద్ధం, రెండోది అన్యాయం.

ముందు లారీ సంగతి. 1971 అక్టోబర్ 29న జార్జియా రాష్ట్రంలోని మేకన్‌లో ప్రమాదం జరిగింది, నిజమే. డ్వేన్‌కి అప్పుడు 24 ఏళ్లు. కానీ దారిలో అడ్డొచ్చిన లారీ మీద ఉన్నది కలప దుంగలెత్తే క్రేన్. అసలు జార్జియాలో పీచ్ కోతలు ఆగస్టుకే అయిపోతాయి. అక్టోబర్ నెలాఖరున పండ్ల లారీ ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఆల్బమ్ పేరు డ్వేన్ అన్న మాటలోంచే వచ్చింది. విప్లవానికి మీరేం చేస్తున్నారని ఒక ఇంటర్వ్యూలో అడిగితే, విప్లవమంటూ ఏదీ లేదు, ఉన్నది పరిణామమే అన్నాడు. జార్జియాలో ఉన్నప్పుడల్లా శాంతి కోసం ఒక పీచ్ తింటానని కూడా అన్నాడు. ‘పీచ్’, ‘పీస్’ దాదాపు ఒకేలా వినపడతాయి కదా, చమత్కారం అందులో ఉంది. అతను పోయాక డ్రమ్మర్ బుచ్ ట్రక్స్ ఆ మాట గుర్తుచేసి ఆ పేరు సూచించాడు. అట్ట మీద లారీ నిండా ఒకే ఒక్క బ్రహ్మాండమైన పీచ్ పండు ఉంటుంది కాబట్టి పుకారుకి బలం చిక్కింది. అది పాత పోస్టుకార్డుల ధోరణిలో వేసిన బొమ్మ. వెనక అట్ట మీద అలాగే రైలు బండిపై పుచ్చకాయ ఉంటుంది. బొమ్మ చావు గురించే అయితే ఆ పుచ్చకాయ ఎందుకున్నట్టు?

ఇంత చిన్న విషయం మీద ఇంత పట్టుదల దేనికని అడగొచ్చు. ఒక కుర్రవాడు నవ్వుతూ శాంతి గురించి అన్న మాటను అతని శవం పక్కన పెట్టే చీటీగా మార్చడం నాకు చిన్న విషయంగా తోచదు.

ఇక రెండో ఆరోపణ. దానికి జవాబు ఆ ఆల్బమ్‌లోనే ఉంది. 1972 ఫిబ్రవరిలో వచ్చిన ఈ రెండు రికార్డుల సెట్టులో మొదటి వైపున్న మూడు ట్రాకుల్లోనూ డ్వేన్ లేడు. అవి అతను పోయాక రికార్డు చేసినవి. డ్వేన్ జలుబు మాత్రల గాజుసీసా వేలికి తొడుక్కుని తీగల మీద జారుస్తూ వాయించేవాడు. స్లైడ్ గిటార్ అంటే అతనే అన్నట్టుండేది. అతను లేని మొదటి పాటలో, తమ్ముడు గ్రెగ్ రాసిన ‘ఎయింట్ వేస్టిన్ టైమ్ నో మోర్’లో, ఆ స్లైడ్ బ్యాండ్‌లోని రెండో గిటారిస్టు డిక్కీ బెట్స్ చేతికొచ్చింది. దాక్కోవడానికి చోటులేని పని అది. ఆ వెంటనే బెట్స్ రాసిన ‘లెస్ బ్రెర్స్ ఇన్ ఎ మైనర్’. మొదట్లో చాలాసేపు అందరూ చీకట్లో తడుముకుంటున్నట్టుంటుంది. ఆ తర్వాత బెర్రీ ఓక్లీ బేస్ గిటార్ అడుగులు వేసుకుంటూ రాగానే బ్యాండంతా ఆ అడుగులో అడుగు కలుపుతుంది. ఇది విన్నవాళ్లు బ్యాండ్ చచ్చిపోయిందని ఎలా అంటారో నాకు అర్థం కాదు.

మూడో వైపున డ్వేన్ ఉన్నాడు. ‘బ్లూ స్కై’లో ముందు అతను వాయిస్తాడు, తర్వాత అతనూ బెట్సూ జంటగా ఒకే వరస పలికిస్తారు, ఆపైన బెట్స్ అందుకుంటాడు. చేతులు మారిన చోటు అజాగ్రత్తగా వింటే తెలియదు కూడా. ఒక్కడి మీద నిలబడ్డ బ్యాండ్‌లో ఇది సాధ్యం కాదు.

1972 నవంబర్ 11న ఓక్లీ కూడా మేకన్‌లోనే, మోటార్‌సైకిల్ ప్రమాదంలోనే, 24 ఏళ్లకే పోయాడు. అయినా మరుసటి ఏడాది వచ్చిన ‘బ్రదర్స్ అండ్ సిస్టర్స్’ అమెరికా ఆల్బమ్‌ల పట్టికలో అయిదు వారాలు మొదటి స్థానంలో నిలిచింది. డ్వేన్ ఖాళీని ఇంకో గిటారిస్టుతో పూడ్చకుండా చక్ లెవెల్ అనే పియానో వాద్యకారుణ్ణి తీసుకున్నారు. ఎడమచేతి రెండు వేళ్లతోనే దాదాపు అంతా వాయించిన గిటారిస్టు జాంగో రైన్‌హార్ట్‌కి నివాళిగా, అలాగే రెండు వేళ్లతో వాయించగలిగేలా బెట్స్ కట్టిన ‘జెస్సికా’లో ఆ పియానో పరుగు వినండి. డ్వేన్ ఉన్న రోజుల్లో ఆ రంగు లేదు.

తర్వాత బ్యాండ్ నీరసించిన మాట ఒప్పుకుంటాను. 1975 నాటి ‘విన్, లూజ్ ఆర్ డ్రా’లో ఉసురు లేదు, మరుసటి ఏడాదికి విడిపోయారు. కానీ దానికి కారణం మత్తుమందులు, తగాదాలు. వాటిని డ్వేన్ ఖాతాలో వేయకూడదు.

విడిపోయినవాళ్లు మళ్లీ కలిశారు కూడా. 2014 అక్టోబర్ 28న న్యూయార్క్ బీకన్ థియేటర్‌లో జరిగిన ఆఖరి కచేరీ అర్ధరాత్రి దాటి 29లోకి వెళ్లింది. అది డ్వేన్ పోయిన రోజు. చివర్లో మడ్డీ వాటర్స్ పాట ‘ట్రబుల్ నో మోర్’ వాయించారు. 1969లో అందరూ కలిసి మొట్టమొదట సాధన చేసిన పాట అదే.